ఐదో తాడు

వానాకాలం వచ్చిందంటే మా వైపు తలుపులన్నీ ఉబ్బుతాయి. సముద్రం మూడు మైళ్ళ దూరం. గాలిలో ఉప్పు, పైన వాన, కింద నెమ్ము. రాత్రి వేసిన తలుపు పొద్దునకు తెరుచుకోదు. అప్పుడు గుర్తొస్తాడు జనానికి వడ్రంగి షావలి, అంటే నేను. మిగతా తొమ్మిది నెలలూ ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప బీరువాలు, నెల్లూరు నుంచి ఆటోలో దిగే రెడీమేడ్ తలుపులు. వానల్లో మాత్రం, "షావలన్నా, రవ్వంత వచ్చి చిత్రిక పట్టి పోన్నా, బాత్రూము తలుపు పడటం లేదు" అని ఫోను మీద ఫోను.

ప్రతి ఇంట్లో ఒకటే మాట చెబుతాను. ఇప్పుడు చెక్కించుకోవద్దు, ఇది వాననీళ్ళు తాగి ఉబ్బిన చెక్క, ఎండలొస్తే తనంతట తానే సర్దుకుంటుంది, ఇప్పుడు తీసేస్తే ఎండాకాలంలో సందులోంచి వీధి కనిపిస్తుంది. ఎవరూ వినరు. వాళ్ళకు తలుపు ఇప్పుడే పడాలి. సరే, మనదేం పోయిందని చెక్కేస్తాను.

ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పిన ఆ మాట, రెండేళ్ళ కిందటి వానల్లో, నా సొంత కొట్టులో, నాకే గుర్తు రాలేదు.

ఆ అక్టోబరులో ఒకరోజు మధ్యాహ్నం నా కూతురు నిషాత్ కొట్టు గుమ్మం దగ్గర వచ్చి నిలబడింది. అప్పుడు ఐదో తరగతి. మాట్లాడే పిల్ల కాదు. పక్కనున్న కోట టౌనులో ఇంగ్లీషు మీడియం బడికి రెండేళ్ళు పంపాను. అక్కడ తెలుగు మాట వస్తే బెంచీ ఎక్కించేవాళ్ళు, ఇంగ్లీషు మాట రాకపోయినా బెంచీ ఎక్కించేవాళ్ళు. పిల్ల రెండూ మానేసింది. మళ్ళీ మా ఊరి సర్కారు బడిలోనే చేర్చాం. నోరు మాత్రం తెరుచుకోలేదు. వాళ్ళమ్మ సాహిరా తెల్లవారక ముందే కంపెనీ బస్సెక్కి తడ దగ్గర చెప్పుల ఫ్యాక్టరీకి పోతుంది. ఇక ఇంట్లో ఉండేది మా అమ్మ జమాల్‌బీ. ఆమె మాటలకు ఎదురు మాట అక్కర్లేదు కాబట్టి పిల్ల నోరు మూసుకున్నా ఇల్లు గడిచిపోయింది.

"నాయనా, ఉలి ఇస్తావా?"

నేను తలెత్తి చూశాను. అరుగు మీద కూర్చున్న మా అమ్మ కూడా చూసింది.

"ఎందుకు?"

"బడిలో ఆట చెయ్యాల."

"బడిలో చదువు చెప్పరా? ఆటలు చేయిస్తా ఉండారా?"

"ఇయ్యరా," అంది మా అమ్మ. "ఏడాదికొక్క మాట మాట్లాడే పిల్ల. అదీ ఉలి అడిగింది. బంగారు గాజులు అడిగినట్టు గింజుకుంటావేంది?"

నేను బడి మానేసింది ఐదో తరగతిలోనే. ఎందుకు మానేశావని అడిగినవాడు లేడు. మా తాత దూది ఏకేవాడు, మా నాయన చెక్కపనికి మారాడు, నన్నూ అందులోకే లాగాడు. మొదటిరోజు నా చేతికి చిన్న ఉలి ఒకటి ఇచ్చి చెక్క మీద గీత గీశాడు. గీత తప్పితే వేళ్ళ మీద కొట్టేవాడు. నెల తిరిగేసరికి గీత తప్పడం మానేశాను. నేర్పడమంటే అదేనని నా లెక్క. ఆటలాడిస్తూ చదువు చెబుతారంటే ఒళ్ళు మండేది. మా రోజుల్లో కొట్టి చెప్పినా రాని చదువు, వీళ్ళకు గోలీలాడితే వస్తుందా అని.

అయినా ఆ చిన్న ఉలే తీసి ఇచ్చాను. మూలన పడేసిన తుక్కు చెక్కల్లోంచి తనే ఒకటి లాగింది. మామిడి పలక. మూరన్నర పొడుగు. దాని మధ్యకు కాస్త కిందగా కోడిగుడ్డంత ముడి.

"అది వద్దు మే. ముడి ఉండే చెక్క ఉలికి లొంగదు. ఇంకోటి తీసుకో."

"ఇదే కావాల."

"ఎందుకు?"

"దీన్ని ఎవరూ తీసుకోరు గదా," అంది.

ఉలిని పిడికిలితో పట్టుకుంది, గరిటె పట్టుకున్నట్టు. చెయ్యి పట్టుకుని దిద్దుదామని లేచాను. ఇంతలో ఎవరిదో తలుపు పడటం లేదని ఫోను. పోయి వచ్చేసరికి పలక మీద వంకర టింకర కాలవ ఒకటి సగందాకా పాకి ఉంది. పిల్ల ముఖం నిండా చెక్క పొట్టు. నన్ను చూసి నవ్వింది. దాని పళ్ళలో ఒకటి కొత్తగా వచ్చిందని ఆ రోజే చూశాను.

నవంబరులో ముసురు పట్టింది. తుఫాను సెలవులు రెండురోజులు ఇచ్చి బడి తెరిస్తే, ఐదో తరగతి గది తలుపు బిగుసుకుపోయింది. కబురు పెట్టారు. చిత్రిక పట్టే తోపుడు సంచిలో వేసుకుని పోయాను. కరుణాకుమారి టీచరు వరండాలోనే పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఉంది. గూడూరు నుంచి బస్సులో వచ్చే మనిషి. చీర అంచు తడిసి పాదాలకు అతుక్కుని ఉంది.

తలుపు ఊడదీసి, బల్ల మీద వేసి చెక్కుతూ, మనసులో ఉన్నది అడిగేశాను. "టీచరమ్మా, ఏమనుకోవద్దు. మా పాప ఇంటికొచ్చి చెక్కలు చెక్కతా ఉండాది. ఇదేం చదువో నాకు అర్థం కాలేదు."

"అనుకునేదానికేముందన్నా. నాకూ మొదట్లో అర్థం కాలేదు," అని నవ్వింది. "ఆడిస్తా నేర్పే టీచర్లం పదకొండు దేశాలోళ్ళం ఒక సంఘంగా చేరినాం. పదిహేను రోజులకోసారి శనివారం వీడియోలో కలుస్తాం. ఒక బడి పిల్లకాయలు చేసిన ఆట ఇంకో దేశం పిల్లకాయలు ఆడతారు. ఆడి, మార్చి, మళ్ళీ పంపిస్తారు. పోయిన నెల కెన్యా పిల్లకాయలు సోడామూతల ఆట పంపినారు. అందులో ఓడిపోయినవాడు పక్కన కూర్చోవాల. మనోళ్ళు ఒప్పుకోలేదు. ఓడినవాడే తర్వాతి ఆటకు సూత్రం పెట్టాలని మార్చినారు. ఇప్పుడు కెన్యాలో అట్నే ఆడతా ఉండారంట."

"సరే, పిల్లకాయలకు ఆట. పెద్దోళ్ళు మీకేం పని అందులో?"

"మేమా? ఈ వారం నా తరగతిలో ఇది కుదరలేదు, ఏం చేద్దామని అడుగుతాం. పద్నాలుగేళ్ళు పాఠం చెప్పినానన్నా. నాకు కుదరనిది ఇదీ అని చెప్పుకునేదానికి ఒక్క మనిషి ఉండేది కాదు."

"కుదరనివి చెప్పుకునేదానికి సంఘమా?" నాకు నవ్వొచ్చింది. "మా వడ్రంగోళ్ళు నలుగురు చేరినామంటే ఎవడి పని ఎంత గొప్పదో చెప్పుకుంటాం."

"అందుకే మీరు నలుగురూ చేరరు," అంది టీచరు, చేతిలో సుద్దముక్క తిప్పుతూ. పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు.

అప్పుడే వరండా ఆ చివర నుంచి కేక వినిపించింది.

"కదలబాకండ్రా! బెన్హర్, నువ్వు ముందే లాగతా ఉండావు! నేను చెప్పిందాకా ఆగు!"

ఎవరో గయ్యాళి పిల్ల అనుకుని తోపుడు తోస్తూనే ఉన్నాను. రెండో కేకకు చెయ్యి ఆగిపోయింది. అది నిషాత్ గొంతు.

నలుగురు పిల్లలు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. నిషాత్, రైతుబిడ్డ బిందు, చేపల పాలెం నుంచి వచ్చే డెబోరా, బెన్హర్. మధ్యలో ఆ మామిడి పలక గాలిలో వేలాడుతూ ఉంది. దాని నాలుగు మూలలకు వలతాడు ముక్కలు. తలా ఒక తాడు పట్టుకుని పలకను వంచుతూ, కాలవలో గోలీని నడిపిస్తున్నారు. గోలీ పడవంట, కాలవ ఏరంట, పలక చివర సముద్రమంట. గోలీ వంకరలన్నీ దాటుకుని వచ్చి, సముద్రానికి జానెడు దూరంలో ఆ ముడి దగ్గర టక్కున ఆగిపోయింది. ముడి మీద ఉలి దిగక కాలవ అక్కడ పైకి లేచి ఉంది.

"మొగ పూడింది! మొగ పూడింది!" నలుగురూ అరిచారు.

ఏరు సముద్రంలో కలిసేచోటును మేము మొగ అంటాం. కొన్నేళ్ళు ఇసుక మేట వేసి మొగ పూడిపోతుంది. పడవలు లోపలే ఉండిపోతాయి. అప్పుడు పాలెంలో ప్రతి ఇంటి నుంచీ పారలతో వచ్చి, ఒకేరోజు, ఒకే పూట తవ్వాలి. ఒకడు ముందు తవ్వితే వెనకనే ఇసుక జారి కూడుకుంటుంది. పిల్లల ఆటలోనూ అంతే. గోలీ ముడి దగ్గర ఆగగానే ఒకరు లెక్క చెప్పాలి. మూడు అనగానే నలుగురూ ఒక్కసారి తాళ్ళు గుంజితే పలక ఎగిరి, గోలీ ముడి మీద నుంచి దూకుతుంది. ఒక్కరు తొందరపడినా వెనక్కి దొర్లి ఏటి మొదటికి పోతుంది.

"ఒకటీ... రెండూ..." నిషాత్ లెక్కపెడుతోంది. మెడ మీద నరం లేచి ఉంది. "మూడూ!"

గోలీ ఎగిరింది, వెనక్కి పడింది. నలుగురూ ఒకరి మీద ఒకరు పడి అరుచుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి. ఐదు సార్లు చూశాను. ఐదో సారి గోలీ ముడి దాటింది. వరండా అదిరిపోయింది.

అదంతా చూసి నేనేమనుకోవాలి? నా కూతురికి గొంతు వచ్చిందని అనుకోవాలి. నేను అనుకున్నది వేరు. పాపం, చెక్క సరిగా లేక పిల్లలు ఎంత అవస్థ పడుతున్నారో అనుకున్నాను. చేతిలో తోపుడు పెట్టుకున్నవాడికి ఎత్తుగా ఉన్నదే కళ్ళకు కనపడుతుంది.

ఆ పలకను ఫిలిప్పీన్స్ దేశంలో ఒక దీవిలోని బడికి పంపాలని తీర్మానం అయింది. వాళ్ళదీ చేపల ఊరేనంట. శనివారం వీడియోలో నిషాత్ ఆట ఆడి చూపించాలి, సోమవారం పోస్టు చెయ్యాలి. గురువారం సాయంత్రం టీచరే పలకను నా కొట్టుకు తెచ్చి ఇచ్చింది.

"పెట్టె ఒక్కటి చెయ్యండన్నా, దారిలో పగలకుండా. పలక మీద మాత్రం చెయ్యి వెయ్యబాకండి. పిల్లకాయలు చేసినదాన్ని పెద్దోళ్ళు దిద్దకూడదని మా సంఘంలో ఒప్పందం."

ముప్పై ఏళ్ళు చెక్కతో బతికినవాడిని, చెక్క ముట్టుకోవద్దంటుంది. పలకను పక్కన పెట్టి పెట్టెకు కొలతలు తీశాను.

ఇంట్లో ఆ నెలంతా సందడి. నిషాత్ అన్నం ముందు కూర్చుని మాట్లాడుతోంది. దీవిలో పిల్లలకు మొగ అంటే ఏందో ఎట్లా చెప్పాలి, ఇంగ్లీషులో నాలుగు మాటలు తనే చెబుతుందంట, మిగతావి టీచరు చెబుతుందంట. ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న సాహిరాను పట్టుకుని, "నువ్వు ఆడ తాడు పట్టుకో, జేజీ నువ్వీడ పట్టుకో," అని వాళ్ళమ్మ ముసుగు గుడ్డనే పలకగా, దాని మూలలే తాళ్ళుగా ఆట నేర్పింది. "దీని నోరు మూయించే మందు ఉందేమో కనుక్కోండ్రా," అని మా అమ్మ మొత్తుకుంది. ఆ గోలంతా నా చెవుల్లో పడింది. అది పోతే ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు, అంతకుముందు మూడేళ్ళు చూసినవాడినే.

శుక్రవారం మధ్యాహ్నానికి పెట్టె అయింది. టేకు ముక్కలతో, జారుడు మూతతో, మేకు లేకుండా. నమాజుకు పోయి వచ్చి పలకను అందులో పెట్టి చూసుకుంటున్నాను. ఎదురు టీ కొట్టు రంగనాయకులు గ్లాసు ఇచ్చేదానికి వచ్చి తొంగిచూశాడు.

"ఏంది షావలీ, ఇది నీ పనేనా? కంటికి శుక్లాలేమన్నా వచ్చినాయా?"

"నాది గాదు. మా పాపది. వేరే దేశం పోతా ఉండాది."

"ఇదా?" పలకను తిప్పి చూశాడు. "పెట్టె చూస్తే పెళ్ళికూతురు మాదిరి ఉండాది. లోపల సరుకు చూస్తే... పోనీలే. షావలి కూతురి పని ఇట్టా ఉండాదంటే నాలుగు దేశాలోళ్ళు నవ్వుకుంటారు, అంతే గదా."

అని పోయాడు. వాడికి అది ఆ పూట పదో పరిహాసం. టీ చల్లారే లోపలే మరిచిపోయి ఉంటాడు.

మొదట అంచు ఒక్కటే చెక్కుదామనుకున్నాను. చేతికి గుచ్చుకుంటుంది, పిల్లలు గదా అని. అంచు చెక్కాక పైభాగం ఎగుడుదిగుడు కనిపించింది. అది చదును చేస్తే కాలవ లోతు తగ్గింది. గుండ్రటి ఉలి తీసుకుని కాలవను మళ్ళీ దింపాను. వంకరలు తిన్నగా వచ్చాయి. ముడి దగ్గరికి వచ్చేసరికి ఉలి ఎగిరిపడింది. చుట్టూ గాటు పెట్టి సుత్తితో ఒక్కటి వేశాను. పన్ను ఊడినట్టు మొత్తం ఊడి వచ్చింది. ఆ గుంటలో వేరే చెక్క దిగ్గొట్టి, బంకా పొట్టూ కలిపి పూసి, గరుకు కాగితంతో రుద్దితే అక్కడ ఏదో ఉండేదని నాకే తెలియలేదు. అరగంటలో ఆరే వార్నిష్ పూశాను. చివికిన వలతాళ్ళు తీసేసి పసుపుపచ్చ నైలాను తాడు కట్టాను. దేవుడి మీద ఆన, నా బతుకులో ఏ పనీ అంత ప్రేమగా చెయ్యలేదు.

నాలుగున్నరకు నిషాత్ బడిసంచి నెత్తిన పెట్టుకుని చినుకుల్లో పరిగెత్తుకుంటూ వచ్చింది. పలకను చూసి గుమ్మంలో ఆగింది.

"చూడు," అన్నాను.

దగ్గరికి వచ్చి కాలవ మీద వేలు పెట్టి రాసింది. ఏరు మొదలు నుంచి సముద్రం దాకా వేలు ఎక్కడా ఆగలేదు.

"ముడి యాడకు పోయింది నాయనా?"

"తీసేసినాలే. ఇంక అవస్థ లేదు. గోలీ వేసి చూడు."

జేబులోంచి గోలీ తీసి వేసింది. పలక ఒక పక్క కాస్త వంచితే చాలు, నూనె మీద జారినట్టు జారి సముద్రంలో పడింది.

"చూసినావా! ఇప్పుడు నలుగురు అక్కర్లేదు," అన్నాను. "ఒక్కదానివే ఆడుకోవచ్చు."

"ఊఁ," అంది.

"బాగుందా?"

"బాగుంది నాయనా."

గోలీ జేబులో వేసుకుని ఇంట్లోకి పోయింది. నేను రెండో పూత వార్నిష్ వేస్తూ ఉండిపోయాను. కాసేపటికి మా అమ్మ వచ్చి, "పిల్లకు జరం ఏమన్నా తగిలిందేమోరా, అన్నం వద్దంటా ఉండాది," అంది.

మరుసటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనూ బడికి పోయాను. కరుణాకుమారి టీచరు పెట్టె మూత జరిపి, పలకను బయటికి తీసి, ముడి ఉండిన చోట వేలితో తడిమింది.

"ఎంత నున్నగా చేసినారన్నా," అంది. తర్వాత చిన్న గొంతుతో, "ఆ ముడి... ఏమన్నా ఉండాదా?"

"పొయ్యిలో వేసేసినా టీచరమ్మా."

ఆమె కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి తేలికపడేవాడిని.

పదకొండు గంటలకు బడిలోని పెద్ద టీవీలో దీవి బడి కనిపించింది. రేకుల కప్పు, వెనక కొబ్బరిచెట్లు. లిగాయా అనే టీచరు, ఆమె చుట్టూ ఇరవై మంది పిల్లలు. చేతులూపారు. మన టీచరు ఇంగ్లీషులో ఏదో చెప్పి, నిషాత్‌ను ముందుకు పిలిచింది. నిషాత్ పలక పట్టుకుని నిలబడింది. నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు నాలుగూ రాలేదు. బిందు వెనక నుంచి, "మొగ గురించి చెప్పు మే," అని గొణిగింది.

"మా నాయన బాగుచేసినాడు," అంది నిషాత్, తెలుగులోనే.

టీచరు అది ఇంగ్లీషులో చెప్పింది. లిగాయా టీచరు పలకను దగ్గరగా చూపమంది. చూసి, చేతులు జోడించి, నవ్వుతూ ఏదో అంది. వెంటనే ఆ పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

"మీ పని చాలా అందంగా ఉందంటా ఉండారన్నా," అంది కరుణాకుమారి టీచరు నా వైపు తిరగకుండా. "ఆ చప్పట్లు మీకే."

దేశం కాని దేశంలో ఇరవై మంది పిల్లలు నాకు చప్పట్లు కొట్టారు. నా బతుకులో ఇంకెవరూ కొట్టలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి తల దించుకున్నాను.

అక్కడి పిల్లవాడొకడు చెయ్యెత్తి ఏదో అడిగాడు. "ఎట్లా ఆడాలంటా ఉండాడు," అంది టీచరు.

నిషాత్ గోలీ వేసింది. గోలీ సముద్రంలో పడింది.

"అంతే," అంది నిషాత్.

తర్వాత కరుణాకుమారి టీచరు ఫోనులో ఉన్న పాత వీడియో వాళ్ళకు పంపింది, పలక నా చేతిలో పడకముందుది. పలకను మాత్రం పోస్టు చెయ్యలేదు. వెనక్కి తెచ్చుకున్నాను.

దిద్దుకుందామని చూశాను. డిసెంబరంతా అదే పని. ముడి ఉన్న చెక్కలు వెతికి తెచ్చి ఏడు పలకలు చేశాను. ఒకదాంట్లో గోలీ ఆగనే ఆగదు, ఇంకోదాంట్లో ఆగితే కదలదు. ముప్పై ఏళ్ళ చెయ్యి వంకరగా పొమ్మంటే పోలేదు. గీత మీదికే వచ్చి కూర్చుంది. చివరికి నిషాత్‌ను పిలిచి, ముడి ఉన్న మామిడి పలక, చిన్న ఉలి ముందు పెట్టాను.

"నువ్వే చెక్కు. ఎట్టా వస్తే అట్టా."

ఉలి తీసుకుంది. ఈసారి గరిటె మాదిరి పట్టుకోలేదు. బొటనవేలు పైన, చూపుడువేలు పక్కన, అచ్చం నేను పట్టుకున్నట్టు పట్టుకుంది. చెక్క మీద పెట్టి ఆగింది.

"గీత గీసి ఇస్తావా నాయనా?"

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన నా వేళ్ళ మీద కొట్టి నేర్పినదాన్ని నేను చెయ్యెత్తకుండానే నేర్పాను.

"వద్దులే మే. పోయి చదువుకో," అన్నాను. ఉలి తుడిచి, దాని చోట అది పెట్టి పోయింది.

ఏప్రిల్‌లో పార్శిల్ వచ్చింది. అప్పటికి తలుపులన్నీ ఎండి, ఊళ్ళో ప్రతి ఇంట్లో సందు కనిపిస్తోంది. కరుణాకుమారి టీచరుకు బదిలీ అయింది, దూరంగా ఏదో ఊరికి. పోయే ముందు కొట్టుకు వచ్చి అట్టపెట్టె నా ముందు పెట్టింది.

లోపల కొబ్బరిచెక్క పలక ఒకటి. పాత వీడియో చూసి దీవి పిల్లలు చేసుకున్నది. కాలవ తాగినవాడు నడిచినట్టు ఉంది. ముడి లేదు గనక, మొగ దగ్గర గవ్వ ముక్క ఒకటి అతికించారు. తాళ్ళు మాత్రం ఐదు. నాలుగు మూలలకు నాలుగు, ఒక అంచు నడుమకు ఒకటి, మిగతా వాటికంటే లావుగా.

"ఆటకు వాళ్ళు చేసిన మార్పు అదేనన్నా," అంది టీచరు, పెట్టెలో వచ్చిన ఉత్తరం చూస్తూ. "ఐదో తాడు పెద్దోళ్ళకంట. అమ్మో, నాయనో, టీచరో. ఇష్టం ఉంటే పట్టుకోవచ్చు. పిల్లలు లెక్క చెప్పిందాకా లాగకూడదు. అంతే."

నేను ఐదో తాడు చేతికి తీసుకుని చూశాను. మా సంగతి ఎవరు చెప్పారని అడగలేదు. టీచరూ చెప్పలేదు. సంఘంలో కుదరనివే చెప్పుకుంటారని ఎప్పుడో చెప్పింది గదా.

"పోయొస్తానన్నా. నిషాత్‌కు చూపించండి."

చూపించాను. గవ్వ మీద బొటనవేలు పెట్టి రెండుసార్లు రాసింది. "బాగా చేసినారు," అంది. ఆడదామా అని అడిగాను. మా అమ్మ ఉంది, సాహిరాకు ఆ రోజు సెలవు. "గురుకులం పరీక్ష ఉండాది నాయనా," అంది. రాసింది, సీటు వచ్చింది. ఇప్పుడు ఏడో తరగతి, హాస్టల్లో ఉంటుంది. నోటుపుస్తకాలు చూపిస్తుంది సెలవులకు వస్తే. ఒక్క కొట్టివేత ఉండదు. మార్జిన్లన్నీ స్కేలుతో గీసి ఉంటాయి. టీచర్లు మెచ్చుకుంటారు. అడిగినదానికి జవాబు చెబుతుంది. అడగనిది చెప్పదు.

మళ్ళీ వానలు పట్టాయి. నిన్న బెన్హర్ వాళ్ళ నాయన తలుపు పడటం లేదని వచ్చాడు. ఎండలొచ్చిందాకా ఆగమన్నాను. వినలేదు. నేను చెక్కనన్నాను. నాకు పొగరెక్కిందని తిట్టుకుంటూ ఇంకో వడ్రంగి దగ్గరికి పోయాడు.

కొబ్బరిపలక కొట్టులోనే, దూలానికి వేలాడదీసి ఉంది. మూలల తాళ్ళు నాలుగూ గాలికి ఊగుతుంటాయి. పని లేనప్పుడు స్టూలు వేసుకుని దాని కింద కూర్చుని, ఐదోది పట్టుకుంటాను. లాగను.